నదికి బావి పడిన బాకీ

వియ్యంకులైన ఇద్దరు పెద్దలు, ఒకరు అనంతపురపు న్యాయస్థానములలో పొలము తగాదాలను, కాలువ తగాదాలను చిరకాలము వాదించి విశ్రాంతి పొందినవారు, మరొకరు భూగర్భజలశాఖలో మొదట బావుల నీటిమట్టములను కొలుచుటయందును, పిమ్మట ఆ కొలతలను కంప్యూటరునకు అప్పగించి నేలక్రింది నీటి నడకను గణించుటయందును ఉద్యోగజీవితమును గడపినవారు, తమ పిల్లల కాపురము అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున ఉండుటచేత, ఆ రాష్ట్రమునకును దాని దక్షిణపు పొరుగైన కాన్సాస్‌కును రిపబ్లికన్ నదిని గూర్చి నడచిన వ్యాజ్యమును శ్రద్ధతో చదివిరి. చదివి భిన్నాభిప్రాయులైరి. వారి వాదమును నేను విన్నంతవరకు ఇచ్చట పొందుపరచుచున్నాను. నా మొగ్గు ఎటువైపో పాఠకుడు గ్రహింపకపోడు; దానిని దాచుటకు నేను యత్నింపలేదు.

వాదమునకు ముందు కథ కొంత తెలియవలెను. రిపబ్లికన్ నది కొలరాడో రాష్ట్రపు తూర్పు మైదానములలో జనించి, కాన్సాస్ వాయవ్యపు మూలను దాటి, నెబ్రాస్కా దక్షిణపు అంచున చాలదూరము ప్రవహించి, తిరిగి కాన్సాస్‌లో ప్రవేశించును. 1943లో ఈ మూడు రాష్ట్రములును ఒక ఒడంబడిక చేసికొని, మనుష్యుడు చేయి పెట్టకుండిన యెడల నదీక్షేత్రమున ఏటేట లభింపదగిన నీరు 4,78,900 ఎకరా అడుగులని అంచనాకట్టి, నెబ్రాస్కాకు సుమారు నూటికి 49, కాన్సాస్‌కు 40, కొలరాడోకు 11 పాళ్లుగా పంచుకొనినవి. ఒడంబడికలో బావుల ప్రసక్తి స్పష్టముగా లేదు. తరువాతి దశాబ్దములలో ఒగలాలా అను విశాలమైన ఇసుక గులకరాళ్ల జలస్తరములోనికి వేలకొలది బోర్లు దిగినవి. ఫ్రాంక్ జైబాక్ అను కొలరాడో రైతు 1952లో పేటెంటు పొందిన, పొలము నడుమ నిలిచి చుట్టును తిరుగుచు నీరు చిమ్ము యంత్రము ఆ మైదానములనెల్ల పచ్చని వృత్తములుగా మార్చినది. నది సన్నగిల్లినది. 1998లో కాన్సాస్ రాష్ట్రము అమెరికా సుప్రీంకోర్టునకెక్కెను. బావులు తోడిన నీటివలన నదీప్రవాహము ఎంత తగ్గునో అంతమేరకు ఆ తోడకము కూడ నదీజలపు వాడకమే యగునని కోర్టు నియమించిన విచారణాధికారి 2000లో నిర్ణయించెను. 2002లో రాష్ట్రములు రాజీపడి, ఆ తగ్గుదలను లెక్కించుటకు ఉమ్మడిగా ఒక కంప్యూటరు నమూనాను నిర్మించుకొనుటకు సమ్మతించెను. ఇచ్చటనే మన పెద్దల వివాదము ఆరంభమగుచున్నది.

న్యాయవాది: బావగారూ, నా మొదటి అభ్యంతరము సాక్ష్యమును గూర్చినది. సాక్షి యనువాడు చూచినదానిని చెప్పవలెను. చూడనిదానిని ఊహించి చెప్పినచో ఏ మున్సిఫు కోర్టులోనైనను వాని వాఙ్మూలము నిలువదు. ఈ నమూనా చూచినదేమి? బావిలోనుండి వెలికివచ్చిన నీటిని రైతు చూచినాడు, నదిలో తగ్గిన నీటిని దిగువవాడు చూచినాడు. ఆ బావికిని ఈ నదికిని నడుమ నేలక్రింద జరిగినదానిని చూచినవాడెవ్వడును లేడు. చూచినవాడు లేనిచోట యంత్రమును కూర్చుండబెట్టి, అది పలికిన అంకెనుబట్టి ఒక రాష్ట్రమును దోషిగా నిలబెట్టుట నాకు సాహసముగా తోచుచున్నది.

శాస్త్రజ్ఞుడు: మీరు పెన్నానది ఒడ్డున పెరిగినవారు, బావగారూ. నదిలో చుక్క నీరు కానరాని వేసవిలో ఇసుకను రెండుమూరలు త్రవ్వి, చెలమ చేసి, దాహము తీర్చుకొన్న ఊళ్లను మీరెరుగుదురు. నది ఇసుకలోనుండి ఊటకాలువ తీసి మాగాణి పండించిన రైతుల కాగితములను మీరే కోర్టులో దాఖలు చేసి యుందురు. ఆ చెలమలోని నీరు నదిదా, నేలదా? వానకాలమున నది నిండి ఒడ్డులలోనికి ఇంకును. వేసవిలో ఒడ్డులనుండి నీరు ఊరి నదిలోనికి దిగును. ఎటు మట్టము అధికమో అటునుండి తక్కువైన వైపునకు నడచుటయే నీటి ధర్మము. దీనికి కన్ను అక్కరలేదు, కొలత చాలును. 1856లో హెన్రీ డార్సీ అను ఫ్రెంచి ఇంజనీరు, డిజోన్ నగరపు మంచినీటి సదుపాయములను గూర్చి వ్రాసిన గ్రంథమున, ఇసుక నింపిన గొట్టములగుండ నీటిని పోనిచ్చి కనుగొనిన సూత్రమును ప్రకటించెను: ఇసుకలో నడచు నీటి పరిమాణము రెండు కొనల మట్టముల భేదమునుబట్టి హెచ్చును, నడువవలసిన దూరమునుబట్టి తగ్గును. మా నమూనాలన్నియు ఆ ఒక్క సూత్రముపై నిలిచినవి.

న్యాయవాది: నీరు ఒకటే యని నేను ఒప్పుకొందును. చెలమ త్రాగినవాడు కాదనలేడు. నది ఒడ్డున బోరు వేసినవాడు నదిని తాకినాడనినను అడ్డు చెప్పను. కాని నదికి రెండు క్రోసుల దూరమున, మిట్టమీద, తన తాత కాలమునుండి మెట్టసేద్యమే చేసినవాడొకడు బోరు వేసికొన్నాడు. వానికి నది కనబడదు, దాని పేరు కూడ వాని పన్ను రసీదులో లేదు. వానిని నదీజలపు దొంగగా చూపుట ఎట్టి న్యాయము?

శాస్త్రజ్ఞుడు: దొంగ యన్నమాట మీది. బాకీదారు అందును, అదియు ఎంతవరకు, ఎప్పటినుండి యనునది లెక్కతేల్చిన తరువాత. అమెరికా భూగర్భ సర్వేక్షణసంస్థలో పనిచేసిన చార్లెస్ థైస్ అను పండితుడు 1935లో, తోడుచున్న బావిచుట్టును నీటిమట్టము కాలక్రమమున ఎట్లు పల్లమగునో గణితముచే చూపెను. 1940లో, బావి తోడిన ప్రతి బిందువును ఎచ్చటనో ఒకచోట తగ్గుదలగా కనబడవలసినదేయని విశదపరచెను. మొదట ఆ నీరు బావిచుట్టునున్న ఇసుకలోని నిలువనుండి వచ్చును. బావిచుట్టు పల్లము విస్తరించుకొని పోయి నదిని అందుకొన్న నాటినుండి నది ఆ పల్లమును నింపుటకు పూనుకొనును. ఎంతకాలమునకు? దూరమును దానితోనే గుణించి, నేల విడువగల నీటి పాలుచేత మరల గుణించి, నేల నీటిని పోనిచ్చు శక్తిచేత భాగింపవలెను. ఘనపరిమాణములో ఐదవవంతు నీటిని విడుచునట్టి ఇసుకపొర, దినమునకు 500 చదరపు మీటర్ల ప్రసారశక్తి కలది అనుకొందము. బావి నదికి ఒక కిలోమీటరు దూరమున నున్నచో 400 దినములు. ఐదు కిలోమీటర్ల దూరమున నున్నచో 10,000 దినములు, అనగా సుమారు 27 సంవత్సరములు. ఆ గడువు ముగియునప్పటికి, బావి ఆగక తోడుచున్న యెడల, తోడిన మొత్తములో నూటికి 28 పాళ్లు నదినుండి వచ్చినదై యుండును. ఆపైన ఆ పాలు పెరుగుచునే పోవును. మోటారు ఆపిన దినమున బాకీ ఆగదు. దూరపు బావి విషయమున నదికి కలుగు నష్టము మోటారు ఆపిన తరువాతనే శిఖరమునకు చేరవచ్చును. ఈ ఆలస్యమును మనుష్యదృష్టి పసిగట్టలేదు గనుకనే, కరవు వచ్చినపుడు నది తగ్గినదని అందరును తలపోయుదురే గాని, ముప్పది యేండ్లక్రితపు బావుల వంతు ఇప్పుడు వచ్చినదని ఎవ్వరును తలంపరు.

న్యాయవాది: మీరు చెప్పిన లెక్కలో నేల అంతటను ఒకేతీరుగ నుండవలెను, నది తిన్నని గీతవలె నుండవలెను. ప్రకృతిలో అట్టి నది యెక్కడిది?

శాస్త్రజ్ఞుడు: ఎక్కడను లేదు. కంప్యూటరు అవసరమైనది ఆ కారణముచేతనే. నేలను గడులు గడులుగా విభజింతుము; రిపబ్లికన్ నమూనాలో ఒక్కొక్క గడి ఒక చదరపు మైలు. గడిగడికిని నేల స్వభావమును, ఇంకిన వానను, తోడిన నీటిని వేరువేరుగ వ్రాసి, ప్రక్క గడులకు పోవునది, వాటినుండి వచ్చునది, నిలువలో మారునది, మూడును సరితూగునట్లు అన్ని గడుల సమీకరణములను ఒక్కసారిగా సాధింపజేసి, నెల తరువాత నెలగా కాలమును ముందునకు నడుపుదుము. అమెరికా సర్వేక్షణసంస్థకు చెందిన మెక్‌డొనాల్డ్, హార్బా అను ఇరువురు 1984లో ప్రకటించిన మాడ్‌ఫ్లో అను గణనవిధానము ఇట్టిది. రిపబ్లికన్ నదిని లెక్కించినదియు అదే. నది దాటు గడిలో ఒక ప్రత్యేక నియమము కలదు. నది మట్టమునకును దానిక్రింది భూగర్భజలపు మట్టమునకును గల భేదమును, నది అడుగుపొర నీటిని ఎంత సులభముగ పోనిచ్చునో తెలుపు సంఖ్యచేత గుణించినచో, నదినుండి నేలకో నేలనుండి నదికో పోవు నీరు తేలును. భూగర్భజలము నది అడుగుకంటెను క్రిందికి జారిపోయినపుడు మాత్రము ఆ భేదము లెక్కకు రాదు; అప్పుడు నది తన లోతునుబట్టియే కారుచుండును, నేల ఎంత దిగజారినను అంతకు మించి కారదు.

న్యాయవాది: ఆ అడుగుపొర సంఖ్యను ఎవ్వరు కొలిచిరి?

శాస్త్రజ్ఞుడు: అచ్చటచ్చట కొలిచినది కొంత. మిగిలినదానిని, నమూనా చూపిన నీటిమట్టములును నదీప్రవాహములును ఇదివరలో నిజముగా కొలిచినవాటితో సరిపడువరకు సవరించి సవరించి నిర్ణయించిరి.

న్యాయవాది: నేను వినగోరిన మాట మీనోటనే వచ్చినది. ఫలము ముందే తెలిసియున్నది, దానికి తగిన కారణమును పిమ్మట అమర్చుకొనిరి. అడుగుపొర బిగువు పెంచి వాన ఇంకుడు తగ్గించినను అదే మట్టము రావచ్చును. అడుగుపొర వదులుచేసి ఇంకుడు పెంచినను అదే రావచ్చును. ఒకే గతమునకు సరిపడు నమూనాలు పది యుండవచ్చును, పదియును భవిష్యత్తును పదివిధములుగా చెప్పవచ్చును. ఆ పదింటిలో కాన్సాస్‌కు అనుకూలమైన దొకటి, నెబ్రాస్కాకు అనుకూలమైన దొకటి యుండక మానదు. దేనిని నిజమందురు?

శాస్త్రజ్ఞుడు: దేనిని గూడ నిజమనను. ఈ ఆక్షేపణను మాకు మొదట చేసినవారు వకీళ్లు కారు, మావారే. 1992లో కోనికో, బ్రెడహాఫ్ట్ అను ఇరువురు జలశాస్త్రజ్ఞులు, భూగర్భజల నమూనా సత్యమని నిరూపింపబడజాలదు, మహా ఐనచో అది తప్పని తేలవచ్చును అను అభిప్రాయమును తమ వ్యాసపు శీర్షికయందే ధ్వనింపజేసిరి. కాని పది నమూనాలు సాధ్యమైనంతమాత్రమున పదియును సమానములు కావు. మట్టముతో సరిపడినది ప్రవాహముతో సరిపడక పోవచ్చును. తడియేళ్లతో సరిపడినది కరవు ఏళ్లతో తగవుపడవచ్చును. స్వతంత్రమైన కొలతలు ఎంతగ చేర్చిన అంతగ ఆ పది మూడగును, మూడు ఒకదానికొకటి దగ్గరయగును. అనిశ్చయము పోదు, అది ఎంతయో తెలిసిన అనిశ్చయమగును.

న్యాయవాది: తెలిసినను తెలియకున్నను తీర్పులో ఒకే అంకె వ్రాయవలెను గదా. అందుచేతనే, బావగారూ, మన కృష్ణాజలవివాదమున బచావత్ ధర్మాసనము 1973లో చూపిన నిగ్రహము నాకు మెచ్చుగా నుండును. కృష్ణాక్షేత్రపు మూడు రాష్ట్రములును తమ తమ ఎల్లలలోని భూగర్భజలమును స్వేచ్ఛగా వాడుకొనవచ్చును, ఆ వాడకము కృష్ణానదీజలపు వాడకముగా లెక్కింపబడదు అని స్పష్టముగా వ్రాసినది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము కూడ, నిర్దిష్టమైన పాయలో గాక నేలక్రింద ఊరుచు పోవు నీటిని భూస్వామి తన పొలములో తోడుకొనవచ్చుననియే చెప్పుచున్నది. తెలియని దానియందు చేయి పెట్టకుండుట న్యాయస్థానమునకు గౌరవము.

శాస్త్రజ్ఞుడు: చేయి పెట్టకుండలేదు, బావగారూ. లెక్క వేయకుండుట కూడ ఒక లెక్కయే. దాని ఫలము సున్న. ఆ సున్న కూడ నది, నేల, బావి అను మూడింటికిని గల సంబంధమును గూర్చిన ఒక నమూనాయే, నాకు తెలిసిన నమూనాలలో అత్యంత సరళమైనది, చెలమ త్రాగిన ప్రతివాడును తప్పని చెప్పగలిగినది. కృష్ణకు ఇరుప్రక్కల బోర్లు విరివిగా దిగని 1973లో ఆ సున్న వాస్తవమునకు దగ్గరగా నుండియుండవచ్చును, కొలతలు చాలనపుడు అది వివేకవంతమైన నిర్ణయమే కావచ్చును. నేడు నదిలోనికి ఊరవలసిన నీరు ఎగువననే పొలముల పాలగుచుండగా, కాలువలకు తాళము వేసి బోర్లకు తలుపు తెరచిన ఆ సున్న ఎవ్వరికి మేలు చేయును? ఎగువన తోడువానికి, కాలువ చివరి రైతునకు కాదు.

ఈ మాట యొద్ద న్యాయవాది కొంతసేపు మౌనము వహించెను. నాకును ఈ సున్న విషయమే ఈ వాదమున అన్నిటికంటె బలవత్తరముగ కనబడినది. యంత్రము చెప్పిన అంకెను అనుమానించువారము, అంకె లేని నిర్ణయములో దాగియున్న అంకెను మాత్రము అడుగము. అది కాగితముపై కనబడదు గనుక నిష్పక్షపాతమని భ్రమించుచుందుము. ఐనను న్యాయవాది ఓడలేదు. ఆయన తిరిగి చెప్పిన సమాధానమును నేను తేలికగా త్రోసివేయజాలను.

న్యాయవాది: సున్న తప్పే యనుకొందము. కాని అది మనుష్యులు కూర్చుండి, కారణము చెప్పి, సంతకము చేసి పెట్టుకొన్న తప్పు. దానిని చదివిన రైతునకు అది ఏర్పాటని తెలియును. రేపు మార్చుమని అడుగవచ్చును. నమూనా పలికిన 70,869 అను అంకెను చదివినవానికి అది ఏర్పాటని తోచదు, ప్రకృతియే చెప్పినదని తోచును. 2005, 2006 సంవత్సరములలో నెబ్రాస్కా తన భాగమునకు మించి వాడినదని తేలిన ఎకరా అడుగులు సరిగా అన్ని. చివరి తొమ్మిది వరకు! అడుగుపొర సంఖ్యను సవరించి సవరించి పెట్టుకొన్నవారు చివరి అంకెను మాత్రము అంత నిశ్చయముగ ఎట్లు పలుకుదురు? పౌరుడు ప్రశ్నింపలేని రూపమున అధికారమును కూర్చుట నన్ను భయపెట్టుచున్నది.

శాస్త్రజ్ఞుడు: ఆ భయము సహేతుకము. నేను దానిని పంచుకొనుచున్నాను. ఆ చివరి తొమ్మిది కొలత కాదు, కూడికలో మిగిలినది. అందుచేతనే నేను నమూనాను సాక్షియనుట మానుకొంటిని. దానిని ఒడంబడికలో ఒక షరతుగా చూచుచున్నాను: నీటిని ఎవ్వరును చూడలేరు గనుక, దానిని ఈ విధముగ లెక్కింతుమని పొరుగువారు ముందుగ ఒప్పుకొన్న విధి. రిపబ్లికన్ నమూనా యొక్క విలువ దాని గడులలో లేదు, వ్యాజ్యమాడుచున్న మూడు రాష్ట్రముల నిపుణులును, కేంద్రప్రభుత్వపు నిపుణులును ఒక బల్లచుట్టు కూర్చుండి, ప్రతి సంఖ్యను తగవులాడి నిలిపిరి, అందులో నున్నది.

న్యాయవాది: షరతైనచో షరతువలెనే పాటింపవలెను. నెబ్రాస్కా ఏమి చేసినది? తాను సంతకము చేసిన లెక్కపద్ధతిలో తప్పున్నదని కొన్నియేండ్లకు కోర్టునెక్కినది. 2015లో సుప్రీంకోర్టు ఆ మాట విని పద్ధతిని దిద్దినది. ఆ ధర్మాసనమందే జస్టిస్ థామస్ మొదలగువారు, ఉభయులు తెలిసి వ్రాసికొన్న ఒప్పందమును తిరుగవ్రాయుట కోర్టు పని కాదని అసమ్మతి తెలిపిరి. నేనక్కడ నుండిన యెడల వారితోనే యుందును.

శాస్త్రజ్ఞుడు: తప్పేదో ముందు చూడుడు, అది నమూనాలోని తప్పు కాదు, నమూనాను ప్రశ్నించిన తీరులోని తప్పు. ఒకరి బావులవలన నదికెంత నష్టమో తెలియవలెనన్న, నమూనాను వారి బావులతో ఒకమారు, అవి లేనట్లుగ ఒకమారు నడిపి, రెండింటి భేదము చూతురు. వినుటకు నిర్దుష్టముగ నున్నది. ఇప్పుడొక చిన్న లెక్క వేయుదము. నదిలో సహజముగ 100 పాళ్ల నీరున్నది. ఇద్దరు ఒక్కొక్కరు 80 పాళ్లు లాగగలరు. ఇద్దరును తోడిన నది ఎండును. మొదటివానిని ఆపిన 20 పాళ్లు మిగులును. కనుక వాని బాకీ 20. రెండవవానిని ఆపినను 20. వాని బాకీయు 20. ఇద్దరి బాకీ కూడిన 40, నది పోగొట్టుకొన్నది 100! తక్కిన 60 పాళ్లు ఎవ్వరి ఖాతాలోను పడలేదు. నది ఎండినపుడు ఇట్టి వైపరీత్యము పుట్టును, ఎండిన నదిని మరల ఎండబెట్టుట సాధ్యము కాదు గనుక. రిపబ్లికన్ క్షేత్రమున ఇంకొక చిక్కు కలదు. ఉత్తరముననున్న ప్లాట్ నదినుండి తీసిన కాలువల ఊట నేలక్రింద మిట్టగా పెరిగి, దక్షిణమునకు నడచి రిపబ్లికన్ క్షేత్రములోనికి వచ్చును. ఆ పరాయినీటిని వాడుకొన్నందుకు నెబ్రాస్కాను బాధ్యురాలిని చేయరాదని రాజీలో నున్నది. కాని నది ఎండిన ఏళ్లలో ఆ భేదము తీయు పద్ధతి, ఆ పరాయినీటి వాడకమును గూడ నెబ్రాస్కా పద్దులోనికే త్రోసినది. దానిని సరిచేయుటకు, పరాయినీరు లేని స్థితిని ఆధారముగ గొని నమూనాను ఐదుమారులు నడుపు పద్ధతిని కోర్టు అంగీకరించినది. ఒడంబడిక కాంగ్రెసు ఆమోదించిన శాసనము. ఆ శాసనము పంచినది రిపబ్లికన్ నీటిని గాని ప్లాట్ నీటిని కాదు. శాసనమునకు విరుద్ధమైన కూడికను సంతకము పవిత్రము చేయునా?

న్యాయవాది: అదే తీర్పులో నెబ్రాస్కాకు శిక్షయు పడినది, మరువకుడు.

శాస్త్రజ్ఞుడు: మరువలేదు, నాకా తీర్పుపైనున్న గౌరవమునకు అదియే హేతువు. తెలిసియు మితిమీరి వాడినందుకు కాన్సాస్ పొందిన నష్టము 37 లక్షల డాలర్లు, నెబ్రాస్కా తాను పొందిన లాభములో కొంత విడువవలసినది 18 లక్షల డాలర్లు, మొత్తము 55 లక్షలు చెల్లింపుమన్నది. ఒక చేత జరిమానా, ఒక చేత సవరణ. లెక్కనుబట్టి దండించినవారే లెక్క దిద్దబడదగినదని ఒప్పుకొనిరి.

న్యాయవాది: ఐన వినుడు, ఈ లెక్కకు సరిపెట్టుటకు ఏమి జరిగినదో. నెబ్రాస్కావారు 2012లో లింకన్ కౌంటీలో రమారమి 19,500 ఎకరముల సాగునేలను కొని, అచ్చటి సేద్యమును మాన్పించి, అదే భూగర్భజలమును గొట్టములద్వారా తోడి ఏరులలోనికి విడుచుచున్నారు. కొలరాడోవారును బావులనుండి తోడి నదికి చేర్చు గొట్టపుమార్గము వేసిరి. బావులు త్రాగి నదిని సన్నముచేసినవని వ్యాజ్యము. ఒడంబడిక నెరవేర్చుటకు మరల బావులు! ఖాతాపుస్తకములో నది నిండినది. నేలలో ఏమి నిండినది? నమూనాకు తృప్తి కలిగించుట నదికి మేలు చేయుటకు బదులుగ మారినది. ఇది మీ శాస్త్రము పెట్టిన దారియే.

శాస్త్రజ్ఞుడు: మీరు చెప్పినవానిలో నన్ను మిక్కిలి బాధించునది ఇదియే. సేద్యము మానిన నేలలో పైరు త్రాగవలసిన నీరు మిగులును, కనుక తోడినదంతయు కొత్త నష్టము కాదు. ఆ తోడకమువలన రేపు నదికి కలుగబోవు తగ్గుదలయు నమూనాలో పద్దు పడును. పడును గాని, నేను చెప్పిన 27 ఏండ్ల వంటి ఆలస్యముతో పడును. నేటి జమ నేడే వ్రాయబడును, దాని ఖర్చు ముప్పది యేండ్లపాటు విడతలుగా వచ్చును. ఏటేట ఖాతా తేల్చువారికి ఇది ఎల్లప్పుడును లాభసాటిగనే కనబడును. ఏటి లెక్కతోపాటు, ఇదివరకే తోడినదానివలన రాబోవు బాకీ మొత్తమును గూడ ప్రతి సంవత్సరము ప్రకటింపవలెనని నేనైతే విధింతును. నమూనా ఆ అంకెను ఒక్క పూటలో ఈయగలదు. అడుగువారు కావలెను.

న్యాయవాది: సరే, పెన్నను అడుగుదము. కర్ణాటకమున నందికొండలలో పుట్టి మన జిల్లాకు వచ్చు నదియే గదా. మీరు దానికిట్టి నమూనా కట్టుదురా?

శాస్త్రజ్ఞుడు: మొత్తమునకు కట్టను. ఒగలాలా ఇసుక, మన రాయలసీమ నేల చాలవరకు గ్రానైటు. నీరు రాతి పగుళ్లలో నడచును. ఒక బోరులో పుష్కలముగ పడిన నీరు ఇరువది గజముల దూరమున పడదు. చదరపు మైలు గడికి ఒకే స్వభావము అంటగట్టుట అచ్చట అసత్యము. నది ఇసుకమేటలు, దానికిరువైపుల ఒండ్రునేల, ఆనుకొనియున్న క్రుళ్లిన రాతిపొర, వీటికి కట్టుదును. అందుకు నది అడుగు మట్టము కావలెను, ఇసుక తవ్వకమువలన అది ఏటేట క్రుంగుచున్నది గనుక ఏటేట కావలెను. బోర్లు తోడు నీరెంతయో కావలెను. అది ఊహించి వ్రాయుట తప్ప నేడు మనకు వేరు మార్గము లేదు. నెబ్రాస్కాలో సహజవనరుల జిల్లాలు బావులకు మీటర్లు బిగించి, ఎకరమునకిన్ని అంగుళములని కేటాయించినవి. 2002 నాటి మన నీరు, భూమి, చెట్ల చట్టము బోరుకు అనుమతి అడుగుచున్నది. తోడకమునకు లెక్క అడుగుట లేదు.

న్యాయవాది: మీటరు పెట్టుటకు ముందు నాకొక హామీ కావలెను. భూమి స్వాధీనపు దావాకే మన లిమిటేషను చట్టము 12 ఏండ్లు గడువు పెట్టినది. మీ లెక్కలో బాకీ 27 ఏండ్లకు వచ్చును. అప్పుచేసి బోరు వేసి, మూడవ ఏట అది ఎండి, ఊరు విడిచిపోయినవాని కొడుకునకు నోటీసు పంపుదురా?

శాస్త్రజ్ఞుడు: వానికి పంపను. రిపబ్లికన్ వ్యాజ్యములో చెల్లింపుమని కోర్టు చెప్పినది రాష్ట్రమునకు, రైతునకు కాదు. గడచిన తోడకపు బాకీ ప్రభుత్వముది. బోర్లకు కరెంటు ఇచ్చినది అదియే, అనుమతి ఇచ్చినదియు అదియే. రాబోవు తోడకమును మాత్రము రైతుతో కూర్చుండి మాటాడవలెను.

న్యాయవాది: కూర్చుండినపుడు వాని చేతికేమి ఇత్తురు? కంప్యూటరు పలికిన రంగుల పటమా?

శాస్త్రజ్ఞుడు: వాని గడికి నేను వ్రాసిన ప్రతి సంఖ్యయు తెలుగులో ఇత్తును. కొలిచినది కొలిచినదని, సవరించి పెట్టినది సవరించినదని గుర్తువేసి ఇత్తును. తన బావిలో మట్టము నా లెక్కకు భిన్నముగ నున్నదని వాడు చూపినచో నా సంఖ్యను మార్చుదును, మార్చిన కారణమును వ్రాసి అందరికిని ప్రకటింతును.

న్యాయవాది: చూపుటకు వానికెంత గడువు?

శాస్త్రజ్ఞుడు: మీరే చెప్పుడు.

న్యాయవాది: రెండు వానకాలములు. ఒకటి మంచిదైనను ఒకటి చెడ్డదైనను మట్టము ఎట్లు నడచినదో వాడు తన కంటితో చూచుకొనవలెను. ఆ గడువు ముగియువరకు మీ లెక్క ఏ ఉత్తర్వులోను ఉదాహరింపబడరాదు. ఈ రెండు వాక్యములు మొదటి పుటలో నున్నచో, తక్కిన పుటలు నేను చదివి చూతును.